డిటెక్టివ్ మార్తాండ్ ఎవరండీ?

డెబ్బైల చివర్లో అమలాపురం వీధుల్లో చదువుకున్న కుర్రాడు ఎవడైనా చంకలో డిటెక్టివ్ నవల లేకుండా కనపడితే, ఒంట్లో బాగాలేదేమోనని పలకరించేవారు. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల కొట్టు ఒకటి ఉండేది. కొత్త నవల వచ్చిందంటే దాని ముందు మొదటి ఆట సినిమాకి నిలబడ్డట్టు నిలబడేవాళ్లం. అట్ట మీద ఎర్రచీర అమ్మాయి, ఆమె వెనకాల ఒక నీడ, ఆ నీడ చేతిలో పిస్తోలు. లోపలి కథకీ ఆ అమ్మాయికీ ఏ సంబంధమూ ఉండేది కాదు. (ఆమె ఎప్పుడొస్తుందా అని చివరి పేజీ దాకా చదివి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక్కసారి కాదు.) పుస్తకం నలిగి, చిరిగి, చివరి పేజీ ఊడిపోయాక కూడా అద్దెకు ఇస్తూనే ఉండేవారు. హంతకుడెవరో తెలియక మేం జుట్టు పీక్కుంటుంటే, కొట్టాయన తాపీగా వక్కపొడి నములుతూ, పూర్తిగా చదివినవాణ్ణి వెతుక్కోమనేవాడు.

అలాంటి నవలలు రాసేవాళ్లలో ఒకాయన మా మావయ్య, మా అమ్మకి అన్నగారు. పుస్తకాల మీద వేరే పేరు వేసుకునేవాడు గానీ ఊరందరికీ తెలుసు. ఆయన ఉద్యోగం కాలువ లాకుల దగ్గర. పడవ వచ్చినప్పుడు లాకు తలుపులు తీయించాలి, మూయించాలి. పడవకీ పడవకీ మధ్య బోలెడు తీరిక. ఆ తీరికలో క్వార్టర్సు అరుగు మీద లుంగీ, బనీనుతో కూర్చుని, ఒళ్లో పీట పెట్టుకుని, బొంబాయిలో హత్యలు చేయించేవాడు. ఆయన బొంబాయి ఎన్నడూ చూడలేదు. అందుకే ఆయన బొంబాయిలో కొబ్బరితోటలు ఉండేవి, హంతకులు ఏరు దాటడానికి పంటు ఎక్కేవారు. పాఠకులెవరూ అభ్యంతరం చెప్పలేదు, మేమెవరం బొంబాయి చూశాం గనక!

ఆ నవలలన్నిట్లోనూ నాయకుడు డిటెక్టివ్ మార్తాండ్. మనిషిని చూడగానే ఏ ఊరివాడో, పొద్దున్న ఏం తిన్నాడో, భార్యతో పోట్లాడి వచ్చాడో లేదో చెప్పేసేవాడు. ఆలోచన వస్తే ముక్కు రుద్దుకునేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేసేవాడు. ఆయన పక్కన అసిస్టెంట్ పండు అని ఒకడుండేవాడు. పండు ప్రతి నవల్లోనూ తప్పు మనిషిని పట్టుకునేవాడు. అదీ ఎంతో ధీమాగా, నలుగురి ముందూ, చెయ్యి మెలిపెట్టి మరీ. పండు వచ్చిన చోటల్లా నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. మా అత్తయ్యకి ఆ పేజీలు పైకి చదివి వినిపించేవాణ్ణి. "ఇలాంటి వెధవలు నిజంగా ఉంటారా అత్తయ్యా!" అంటే, అత్తయ్య నాకేసి అదోలా చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆవిడకి హాస్యం అర్థం కావడం లేదనుకుని జాలిపడేవాణ్ణి.

నేను బి.ఏ. పాసై, ఉద్యోగం కోసం చూస్తూ మావయ్య ఇంట్లో ఉంటున్న రోజులవి. మా చర్చిలో హార్మోనియం నేనే వాయించేవాణ్ణి. చర్చి తాళం ఒకటి నా మొలతాడుకి వేలాడుతూ ఉండేది. సంఘం వాళ్ల బళ్లో ఒక టీచరు ఉద్యోగం ఖాళీ ఉందని, క్రిస్మస్ వెళ్లాక నన్ను వేసుకుంటారని పాస్టరుగారు, అంటే మా అయ్యగారు, మాట ఇచ్చారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఆ మాట మీదే బతుకుతున్నారు.

ఇలా ఉండగా ఒకరోజు పుస్తకాల కొట్టు దగ్గర కాలేజీ లెక్చరరు ఒకాయన ఒక సంగతి చెప్పారు. ఎక్కడో సీమదేశంలో ఒక గొప్ప డిటెక్టివు కథలు రాసినాయన, ఆ డిటెక్టివుని ఊరికే కల్పించలేదట. తనకి వైద్యం నేర్పిన ఒక డాక్టరుగారిని చూసి రాశాడట. ఆ డాక్టరు రోగి నోరు తెరవకముందే, చేతులూ చెప్పులూ చూసి, వాడేం పని చేస్తాడో, ఎక్కణ్ణుంచి నడిచొచ్చాడో చెప్పేసేవాడట. మేమంతా నోళ్లు తెరిచి విన్నాం. విన్నాక కొట్టాయన వక్కపొడి ఉమ్మేసి, "అయితే మన మార్తాండ్ ఎవరండీ?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో అమలాపురం రెండుగా చీలిపోయింది. సీమదేశంలో డాక్టరైతే ఇక్కడా డాక్టరే అని ఒక పక్షం. మా వీధి డాక్టరుగారు నిజంగానే మందు చీటీ రాసేముందు ముక్కు రుద్దుకునేవారు. రోగి కాళ్లకున్న మట్టి చూసి, "అంబాజీపేట నుంచా?" అనేవారు. (సగం మంది అంబాజీపేట నుంచే వచ్చేవారు. తక్కినవాళ్లు మొహమాటానికి ఆయ్ అనేవారు.) ఈ మాట చెవిన పడ్డాక ఆయన నల్లకళ్లజోడు పెట్టుకోవడం మొదలుపెట్టారు. రెండో పక్షం రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌ది. ఆయన్ని అందరూ హెడ్డుగారనేవాళ్లు. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది ఊళ్లో ఆయనొక్కరే. "మీ మావయ్య నా దగ్గర కూర్చుని ఎన్ని కేసులు విన్నాడనుకున్నావ్! మార్తాండ్ అంటే నేనేనోయ్. నా పేరు పెట్టుకోడానికి భయపడ్డాడు, అంతే," అనేవారు మీసం సర్దుకుంటూ.

నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లోనే రచయితని పెట్టుకుని నాకీ సంగతి తెలియకపోవడమేంటి? పీట మీద రాసుకుంటున్న మావయ్యని సూటిగా అడిగేశాను.

"మావయ్యా, మార్తాండ్ డాక్టరుగారా, హెడ్డుగారా?"

"ఎవరైతే ఏంట్రా అల్లుడూ?"

"ఎవరో ఒకరు ఉండాలి కదా! సీమదేశంలో..."

"నీకెవరనిపిస్తుంది?"

నేను చాలాసేపు ఆలోచించి, నా తెలివంతా ఉపయోగించి, "మీరే అయ్యుంటారు మావయ్యా!" అన్నాను. మావయ్య కలం పక్కన పెట్టి నవ్వాడు చూడండి, లాకు అవతల గట్టు మీద పడవ లాగుతున్నవాళ్లు ఆగి చూశారు. ఎందుకు నవ్వాడో అర్థం కాలేదు. నవ్వుతూనే, "నీ బుర్ర ఎలా పనిచేస్తుందిరా, కాస్త వివరంగా చెప్పు," అని ఆసక్తిగా అడిగాడు. నా తర్కం అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇంత పెద్ద రచయిత నా మాటకి విలువిస్తున్నాడని పొంగిపోయాను.

సరిగ్గా అప్పుడే చర్చిలో హార్మోనియం మాయమైంది. క్రిస్మస్ పాటల సాధన కోసం బుధవారం సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్తే బల్ల మీద పెట్టె లేదు. దాని మీద కప్పే గుడ్డ మడతపెట్టి ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది, కిటికీలు మూసినవి మూసినట్టే ఉన్నాయి. పాడటానికి వచ్చినవాళ్లందరూ ఖాళీ బల్లకేసి చూశారు, తర్వాత నాకేసి చూశారు. సంఘ పెద్దలు వచ్చారు. "తాళం ఎవరి దగ్గరుంటుందండీ?" అని ఒకాయన ఎవరినో అడిగినట్టు గోడనడిగారు. ఇంకొకాయన గొంతు తగ్గించి, "పిల్లల్ని అప్పజెప్పే ఉద్యోగం కదండీ. ముందు ఈ పెట్టె సంగతి తేలాలండి," అన్నారు. అయ్యగారు, అమ్మగారు కాకినాడ వైపు ప్రార్థన కూటాలకి వెళ్లారు. శనివారం గానీ రారు. ఆయన వచ్చేలోపల పెట్టె దొరక్కపోతే ఉద్యోగం సంగతి దేవుడెరుగు, అమ్మకి నేను ఏ మొహం చూపించను?

అయితే ఒక ధైర్యం ఉంది. అసలైన డిటెక్టివ్ మార్తాండ్ ఈ ఊళ్లోనే ఉన్నాడు. డాక్టరో, హెడ్డో తెలియదు గానీ, ఇద్దరి దగ్గరికీ వెళ్తే ఒకరైనా మార్తాండ్ అవుతారు కదా!

ముందు డాక్టరుగారు వచ్చారు. నల్లకళ్లజోడు తీసి చర్చి గడప దగ్గర గొంతుకూర్చుని, చిటికెడు మట్టి వేళ్ల మధ్య నలిపి, ముక్కు రుద్దుకున్నారు. అచ్చం మార్తాండే అనుకున్నాను. "ఇది ఊళ్లో మట్టి కాదబ్బాయ్. ఇసుక కలిసింది. గోదావరి ఇసుక. నీ దొంగ కపిలేశ్వరపురం వైపు లంకల్లోంచి వచ్చేడు," అన్నారు. "అబ్బ, ఎలా కనిపెట్టేరండీ!" అన్నాను. (క్రిస్మస్ పందిరికని చర్చి ఆవరణ నిండా గోదావరి ఇసుక తోలించారు. ఆ ఇసుకలో చీలమండల దాకా దిగబడే మేమిద్దరం ఈ మాటలనుకున్నాం.) లంకలో దొంగకి హార్మోనియం ఎందుకని అడిగితే, అది పోలీసుల పని, తనది కాదన్నారు.

అక్కణ్ణుంచి హెడ్డుగారింటికి వెళ్లాను. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తాను చుట్టూ పచార్లు చేస్తూ మొదలుపెట్టారు.

"ఆదివారం మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"కోడికూరండి."

"ఎవరు వండేరు?"

"అత్తయ్యండి."

"బాగుందా?"

"ఆయ్, బాగుందండి."

"పెట్టె ఎక్కడ దాచేవు?"

"మంచం కిం... లేదండీ! నేను దాచలేదండీ!"

"మరి మంచం అన్నావేం?"

ఎందుకన్నానో నాకూ తెలియదు. ఆయన అడిగిన తీరుకి నోరు దానంతటదే జవాబు చెప్పబోయింది. మళ్లీ కోడికూర దగ్గర్నుంచి మొదలుపెట్టారు. చివరికి, "చర్చికి ఇంకో తాళం ఉందా?" అన్నారు. "అయ్యగారి దగ్గరుందండి. కానీ ఆయన ఊళ్లో లేరండి," అన్నాను. "అయితే అది వదిలెయ్," అన్నారు. నేనూ వదిలేశాను. బయటికొచ్చేసరికి తల తిరిగిపోతోంది. హార్మోనియం నేనే తీశానేమో, తీసి మర్చిపోయానేమో అని నిజంగానే అనుమానం వచ్చింది. ఇంటికెళ్లి మంచం కింద వంగి చూశాను. అత్తయ్య చీపురు పట్టుకుని నిలబడి, "ఏం వెతుకుతున్నావురా?" అంది. "నేను దొంగనో కాదో చూసుకుంటున్నా అత్తయ్యా," అన్నాను. మావయ్య అరుగు మీంచి కేకేశాడు: "ఒరేయ్ అల్లుడూ, ఆ మాట మళ్లీ అను!"

శనివారం నాటికి నా బుర్రలో ఏదీ తిన్నగా మిగల్లేదు. లంక దొంగ, మంచం, గోదావరి ఇసుక, కోడికూర, అన్నీ కలిసిపోయాయి. అయ్యగారు వచ్చే బస్సుకి ఎదురెళ్లి కాళ్ల మీద పడదామని బస్టాండుకి బయల్దేరాను. అక్కడ రావులపాలెం వైపు నుంచి వచ్చిన బస్సు దిగి ఒక మనిషి నడిచొస్తున్నాడు. నెత్తి మీద పెట్టె. పెట్టె మీద గుడ్డ. వెడల్పూ ఎత్తూ సరిగ్గా హార్మోనియమంత! పైగా ఒక్కో అడుగూ చూసుకుని, గోతులు తప్పించుకుంటూ, చుట్టుపక్కల జనం తగలకుండా ఒదిగి ఒదిగి నడుస్తున్నాడు. తప్పు చేసినవాడు నేల చూపులు చూస్తాడని మార్తాండ్ ఎన్ని నవలల్లో చెప్పాడు! పుస్తకాల కొట్టు దగ్గర ఎదురెళ్లి చేతులు చాచి ఆపేశాను.

"పెట్టెలో ఏముంది?"

"పూతరేకులండి."

"అందరూ అలాగే చెబుతారు!" (హార్మోనియం దొంగలెవరైనా అంతకుముందు పూతరేకులని చెప్పిన దాఖలా నాకు తెలియదు. ఆ వేడిలో వచ్చేసింది.)

"అయ్యబాబోయ్, ముట్టుకోకండి బాబూ! ఆత్రేయపురం నుంచి పెళ్లివారికి పట్టుకెళ్తున్నానండి."

ముట్టుకోవద్దన్నాడంటే ఇంక అనుమానమేముంది? పెట్టె నెత్తి మీంచి లాక్కుని, లోపల హార్మోనియం మెట్లు మోగుతాయేమోనని చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపాను. కరకరమని చప్పుడైంది. మళ్లీ ఊపాను. "వినండి! వినండి! మెట్లు ఊడిపోయాయి!" అని అరిచాను. జనం మూగారు. డాక్టరుగారు వచ్చారు, హెడ్డుగారు వచ్చారు. ఆ మనిషి రోడ్డు మీద చతికిలపడి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకు తెచ్చేనండి. కండక్టరు నవ్వినా కింద పెట్టలేదండి," అంటున్నాడు. హెడ్డుగారు మూత తీశారు. లోపల తెల్లటి పొడి. అందులో బెల్లం, నెయ్యి వాసన. ఆ వాసన బస్టాండంతా కమ్మేసింది.

నేను ఆ పెట్టె పట్టుకుని అలా నిలబడి ఉండగానే కాకినాడ బస్సొచ్చింది. అయ్యగారు దిగి, బస్సు టాపు కేసి చూస్తూ, "అబ్బాయ్, సమయానికొచ్చేవు. పైన హార్మోనియం ఉంది, జాగ్రత్తగా దింపు," అన్నారు.

నా చేతిలో పెట్టె జారబోతే పూతరేకులాయనే పట్టుకున్నాడు.

"అయ్యగారండీ, అది... మీ దగ్గరెలా..."

"అదేంటయ్యా, నీకు చెప్పేను కదా! ఆదివారం ఆరాధనయ్యాక, మెట్ల మీద. హార్మోనియం గాలితిత్తి చిరిగింది, కాకినాడ పట్టుకెళ్లి కుట్టించుకొస్తాను, పెద్దలతో చెప్పు అన్నాను. ప్రతి మాటకీ ఆయ్ అన్నావు."

మా ప్రాంతంలో ఆయ్ అన్నంత మాత్రాన విన్నట్టు కాదండీ. ఎదుటి మనిషి మాట్లాడుతున్నాడని గౌరవం, అంతే. ఆదివారం ఆరాధనయ్యాక నా తల నిండా మార్తాండ్ డాక్టరా, హెడ్డా అన్న సమస్యే ఉంది. అయ్యగారు తిత్తి గురించి చెబుతుంటే నేను మర్యాదగా ఆయ్ అంటూ ముక్కుల గురించి, నడకల గురించి ఆలోచిస్తున్నాను.

మొదట నవ్వింది పుస్తకాల కొట్టాయన. "అచ్చం పండేనండీ! వెంట్రుకవాసి తేడా లేదు!" అన్నాడు. బస్టాండంతా గొల్లుమంది. డాక్టరుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. పాటల సాధనలో నాకేసి కళ్లెత్తి చూడని వాళ్లు కూడా నవ్వుతున్నారు. నాకేమీ బోధపడలేదు. "పండు ఇక్కడికెందుకొచ్చాడండీ?" అన్నాను. దాంతో నవ్వు రెట్టింపైంది. హెడ్డుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరే అబ్బాయ్, మార్తాండ్ ఎవరన్నదే తగువు గానీ, పండు ఎవరన్నది ఈ ఊళ్లో ఎవరూ అడగలేదు. చూసేవా?" అన్నారు. అప్పుడు తట్టింది. ఆ పేజీలు అత్తయ్యకి పైకి చదివి వినిపించడం గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి.

ఇంత జరిగాక పూతరేకులాయన లేచి, పంచె దులుపుకుని, నాకేసి వింతగా చూశాడు. "ఆ నవలల్లో పండు మీరేనా అండీ? మా ఇంట్లో అందరూ చదువుతారండి. ముందే చెప్పొచ్చు కదండీ!" అని చేతులు జోడించాడు. "పర్లేదండి. పండు చేతిలో పడ్డాయని చెబుతానండి, పెళ్లివారేమీ అనరు." నిజంగానే ఏమీ అనలేదట. పొడిని గిన్నెల్లో వేసి చెంచాలతో వడ్డించారట, మగపెళ్లివారు అదేదో కొత్తరకం మిఠాయి అనుకుని మారు అడిగారట.

మర్నాడు పొద్దున్న లాకుల దగ్గర మావయ్యతో మాట్లాడకుండా కూర్చున్నాను. ఒక పడవ వచ్చింది. తలుపులు తెరిపించాడు, పడవ దిగువకి వెళ్లిపోయాక నా పక్కన కూర్చున్నాడు.

"కోపమొచ్చిందా?"

"ఊరందరికీ చెప్పేరు. నాకే చెప్పలేదు."

"నేనెవరికీ చెప్పలేదురా. చదివేరు, తెలిసిపోయింది."

"అయితే మార్తాండ్ ఎవరు?"

"ఎవరూ కాదు. ముక్కు డాక్టరుగారిది, నడక హెడ్డుగారిది. తెలివి మాత్రం ఎక్కడా దొరకలేదు. దొంగ ఎవడో నాకు ముందే తెలుసు కదా. నేను చెబితే మార్తాండ్ కనిపెడతాడు. అందులో వాడి గొప్పేముంది?" కాసేపు నీళ్లకేసి చూశాడు. "పండు అలా కాదు. వాడు ఏం చేస్తాడో నాకే తెలీదు. కొట్టాయన్ని అడుగు, జనం ఎవరికోసం పుస్తకం అద్దెకి తీసుకెళ్తున్నారో చెబుతాడు."

నేను కరగలేదు. ఆ వయసులో కరగడానికి చాలా టైము పడుతుంది. జనవరిలో అయ్యగారు మాట నిలబెట్టుకున్నారు. ("అబద్ధం చెప్పే తెలివి లేదండి, పిల్లలకి మంచిదే," అని పెద్దలతో అన్నారట. మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.) ఉద్యోగం మాత్రం రాజోలు దగ్గర బళ్లో ఇచ్చారు. మావయ్య ఇల్లు వదిలేశాను.

కొన్నేళ్ల తర్వాత, ఎనభైల మొదట్లో, సెలవులకి వెళ్తే పీట గోడకి ఆనించి ఉంది. మావయ్య లాకు తలుపులకేసి చూస్తూ ఊరికే కూర్చున్నాడు. అత్తయ్య వంటింట్లో నాకు పెసరట్టు వేస్తూ మెల్లిగా చెప్పింది: "నువ్వెళ్లేక రాయడం లేదురా. పండు నోరు విప్పడం లేదంటున్నారు." నాకు గొంతులో అట్టు అడ్డం పడింది. ఆ రెండు రోజులూ ఆయనకి సాయం చేద్దామని నానా తంటాలూ పడ్డాను. చెప్పులు తారుమారుగా వేసుకున్నాను. పిల్లిని దొంగ అన్నాను. లాకు దగ్గర ఒక పడవ సరంగుని పట్టుకుని నువ్వెవరి మనిషివని గద్దించాను. మావయ్య చూసి చూసి, "వద్దురా అల్లుడూ. కావాలని చేస్తే రాదు," అన్నాడు. కానీ కళ్లు నవ్వాయి.

బాధగా బస్టాండుకొచ్చి, ఆయనకోసం ఇంకేం చేయగలనా అని ఆలోచిస్తూ రాజోలు బస్సెక్కాను. చాలా దూరం వెళ్లాక చుట్టూ ఉన్న ఆడవాళ్లు గోవిందా గోవిందా అంటుంటే ఉలిక్కిపడ్డాను. అది వాడపల్లి గుడికి వెళ్లే బస్సు. రాజోలు ఆ వైపే కాదు. "ఎక్కేటప్పుడు అడిగేను కదండీ, వాడపల్లేనా అంటే ఆయ్ అన్నారు," అన్నాడు కండక్టరు. అక్కడ స్వామి ప్రసాదం కడుపునిండా తిని, తిరుగు బస్సు దొరక్క, ఎవరో పుణ్యాత్ముల అరుగు మీద పడుకుని, మర్నాడు మధ్యాహ్నం బళ్లో అడుగుపెట్టాను. ఆలస్యమెందుకైందో మావయ్యకి ఎవరు చేరవేశారో తెలియదు. వేసవి లోపల కొత్త నవల వచ్చింది. మొదటి అధ్యాయంలో బొంబాయిలో పండు ఒక హంతకుణ్ణి వెంటాడుతూ బస్సెక్కి, నేరుగా కొబ్బరితోటల మధ్య గుళ్లో దిగి, ప్రసాదం క్యూలో నిలబడ్డాడు. రాజోలు కొట్టులో ఆ పేజీ నిలబడే చదివాను. ఈసారి నేనే అందరికంటే ముందు నవ్వాను.

మావయ్య పోయి చాలా కాలమైంది. ఆయన నవలల్లో అదొక్కటే నా దగ్గర మిగిలింది, అదీ ఇప్పుడు లేదు. ఎవరో చదివి ఇచ్చేస్తామని పట్టుకెళ్లారు. ఎవరన్నది బాగా ఆలోచించి, అన్ని ఆధారాలూ కూడగట్టి, మా పక్కింటి రిటైర్డ్ తాశీల్దారుగారేనని మొన్ననే తేల్చుకున్నాను. పాపం, ఆయన మాత్రం అయ్యుండరు.